రెండు పుస్తకాలు చాలు

విజయవాడ

తమ్ముడికి ఆశీస్సులు.

గుంటూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. సెమీగ్రూపుల (ఒకదాని మీద ఒకటి చేసుకోగల పనుల గుంపుల) రిప్రజెంటేషన్ సిద్ధాంతాన్ని తెలుగులో చెప్పబోవడం చిన్న సాహసం కాదు. కానీ మొదటి పేరాలోనే ఆ సిద్ధాంతం కట్టిన క్లిఫర్డ్, మన్, పోనిజోవ్‌స్కీ ముగ్గురూ పెళ్ళివారిలా దిగిపోయారు. ఇంకా పొయ్యి వెలిగించనేలేదు కదయ్యా!

లెనిన్ సెంటర్‌లో మనం వెళ్ళిన పాత పుస్తకాల కొట్టు గుర్తుందా? అడిగిన పుస్తకం తీసి చూపించాక, కొట్టతను దాన్ని వరస మొదట్లో పెట్టేసేవాడు. అక్కణ్ణుంచి ఎత్తుకో. వరసలో రెండే పుస్తకాలు అనుకో: నిఘంటువు, పంచాంగం. నిఘంటువును ముందుకు తేవడం 'ని' అనే పని, పంచాంగాన్ని తేవడం 'పం'. 'ని' చేశాక నిఘంటువే ముందు. అంతకుముందు ఏది ముందుండేదో ఇక బ్రహ్మకు కూడా తెలీదు. వెనక్కి తిప్పే పని లేదు. గ్రూపులో ఈ మరుపు ఉండదు, అక్కడ ప్రతి పనికీ వెనక్కి తిప్పే పని ఉంటుంది. (ఏదీ ముట్టుకోకపోవడాన్ని కూడా ఒక పనిగా కలిపితే అది మోనాయిడ్.)

ఇప్పుడు మ్యాట్రిక్స్, అంటే సంఖ్యల పట్టిక, తియ్యి. నిఘంటువు ముందుంటే (1, 0), పంచాంగం ముందుంటే (0, 1) అనుకో. 'ని'కి పై వరస 1 1, కింది వరస 0 0. 'పం'కి పైన 0 0, కింద 1 1. 'పం' చేసి ఆపైన 'ని' చేస్తే మిగిలేది 'ని' ఒక్కటే. ఎడమ 'ని', కుడి 'పం' పెట్టి గుణించినా వచ్చేది అదే. ఒకదాని మీద ఒకటి పనులు చేయడం గుణకారంగా మారినా లెక్క చెడలేదు చూశావా, రిప్రజెంటేషన్ అంటే అదే. ఇది పాఠకుడు తన చేత్తో చేసి చూసుకోవాలి.

మూడో పేజీలో "ప్రతి రిప్రజెంటేషనూ విడదీయరాని ముక్కల మొత్తంగా విడిపోతుంది" అన్నావు. విడదీయరాని ముక్క అంటే, పనులన్నీ చేసినా తనలోనే ఉండిపోయే ఇంకా చిన్న ముక్క లోపల లేనిది. ఒకప్పుడు నేనూ అలాగే రాసి అచ్చేయించుకున్నాను. తెనాలి నుంచి పోస్టుకార్డు వచ్చింది, నాలుగే వాక్యాలు. వారం రోజులు ముద్ద దిగలేదు. సంకీర్ణ సంఖ్యల మీద పరిమిత గ్రూపులకు మాష్కే సిద్ధాంతం ఆ హామీ ఇస్తుంది, మన సెమీగ్రూపులకు ఇవ్వదు. మన పుస్తకాలనే చూడు. (1, −1) గీతను రెండు పనులూ సున్నా చేసేస్తాయి, కాబట్టి అది ఒక ముక్క. దానికి జోడీగా వేరే ఏ గీత తెచ్చినా 'ని' దాన్ని (1, 0) వైపు, 'పం' (0, 1) వైపు లాగేస్తాయి. ఇద్దరికీ కుదిరే రెండో గీత లేనే లేదు.

ఇంతా చెప్పాక క్లిఫర్డ్‌ని పిలువు, ఆయన 1942 వ్యాసంతో సహా. పరిమిత సెమీగ్రూపు విడదీయరాని రిప్రజెంటేషన్లన్నీ దాని లోపల దాక్కున్న గ్రూపుల నుంచే వస్తాయన్న మాట అప్పుడు పాఠకుడికి రుచిస్తుంది.

సెమీగ్రూపుకు నువ్వు పెట్టిన 'అర్ధసమూహం' అనే పేరు కొట్టెయ్. సగం గ్రూపేమో అనుకుంటారు.

మూడు పుస్తకాలతో మళ్ళీ చేసి పంపు. పుస్తకాలను పేర్చే తీరులు 6, 6×6 మ్యాట్రిక్సులు మూడు. వాటి సగటుకు ఐగన్ విలువలు (మ్యాట్రిక్స్ కొన్ని గీతల్ని పక్కకు తిప్పకుండా ఎన్నింతలు చేస్తుందో ఆ సంఖ్యలు) 1 ఒకసారి, 1/3 మూడుసార్లు, 0 రెండుసార్లు రావాలి. రాకపోతే ఎక్కడో గుణకారం తప్పావన్నమాట.

మీ అన్నయ్య