1864 ఒప్పందం పౌరుల కోసం కాదు

"1864 జెనీవా ఒప్పందంతో యుద్ధంలో పౌరులకు రక్షణ మొదలైంది" అని వ్యాసంలో రాస్తే మీ గైడ్ తప్పన్నారని, ఎందుకో అర్థం కావడం లేదని అడిగారు. ఇటలీలోని సోల్ఫెరినో యుద్ధరంగాన్ని 1859లో చూసి, ఈ ఒప్పందానికి ప్రేరణగా నిలిచిన స్విస్ వ్యాపారి హెన్రీ డ్యూనాంట్ కదిలింది గాయపడిన సైనికుల కోసం. పది అధికరణల ఆ ఒప్పందం కూడా వాళ్ల గురించే. 5వ అధికరణలో పౌరుల మాట వస్తుంది గానీ, అది క్షతగాత్రులకు సాయపడేవారి జోలికి పోవద్దనే వరకే.

భూయుద్ధ నియమాలైన 1907 హేగ్ నిబంధనలు ఆక్రమిత ప్రాంతాల జనాన్ని కొంత పట్టించుకున్నాయి. పౌరుల కోసమే ఒక ముసాయిదా 1934లో టోక్యోలో సిద్ధమైంది. దాన్ని ఖరారు చేయాల్సిన సమావేశం 1940కి పెట్టుకున్నారు, ఈలోగా ప్రపంచయుద్ధమే వచ్చిపడింది! అందుకే పౌరుల కోసం చేసిన నాలుగో జెనీవా ఒప్పందం 1949 ఆగస్టు 12 దాకా ఆగింది.

ఇక్కడ చాలామంది ఇంకోసారి పొరబడతారు. 1949 ఒప్పందం ప్రధానంగా శత్రుదేశం చేతికి చిక్కిన పౌరుల గురించి. బాంబుదాడుల్లో సైనిక లక్ష్యాలను, పౌరులను వేరుచేసి చూడాలన్న వివరమైన నియమాలు, ఆకలిని ఆయుధంగా వాడరాదన్న నిషేధం ఆ ఒప్పందాలకు అనుబంధంగా వచ్చిన 1977 మొదటి అదనపు ప్రోటోకాల్‌లోవి. సహాయ సామగ్రి సంగతికొస్తే, 1949 నాటి 23వ అధికరణ మందులను పౌరులందరికీ పంపనివ్వమంటుంది. ఆహారం మాత్రం 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకే. అదీ సరుకు దారి మళ్లదన్న నమ్మకం కుదిరితేనే.

కాబట్టి 1864 పక్కన "గాయపడిన సైనికులు" అని, 1949 పక్కన "పౌరులు" అని రాయండి. అంతర్యుద్ధాలు మీ వ్యాసంలో ఉంటే, 1949 నాటి నాలుగు జెనీవా ఒప్పందాల్లోనూ ఉమ్మడిగా ఉన్న 3వ అధికరణను, 1977 రెండో ప్రోటోకాల్‌ను చూడండి.