‘రచయిత’ అంటే మగవాడేనా?

సందేహం: నా కథల పుస్తకం ఆవిష్కరణ పెట్టుకున్నాం. ఆహ్వాన కార్డులో నా పేరు ముందు ‘రచయిత’ అని రాసిస్తే, ప్రెస్సువాళ్లు తప్పని చెప్పి ‘రచయిత్రి’గా మార్చారు. ఏది సరి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

సమాధానం: మీరు రాసిందే ఉంచుకోండమ్మా, అది తప్పు కాదు.

సంస్కృతంలో ‘రచయితృ’ శబ్దానికి పుంలింగంలో ‘రచయితా’, స్త్రీలింగంలో ‘రచయిత్రీ’ అని రూపాలు. ఆ లెక్కన వాళ్లు మార్చినదానికీ ఆధారం ఉంది. కానీ తెలుగులోకి వచ్చాక ఈ కోవ మాటలు ఆ పట్టింపు వదిలేశాయి. నేత, దాత, వక్త, శ్రోత, విజేత అన్నీ ఇలాంటివే. ‘ఆమె మంచి వక్త’ అంటాం, ‘వక్త్రి’ అనం. పరుగుపందెంలో గెలిచిన అమ్మాయి కూడా ‘విజేత’నే. వీటిలో మగవారిని చెప్పే ‘డు’ లేదు. ‘రచయిత’లోనూ లేదు. మరి కలం పట్టిన ఆడవాళ్ల దగ్గరే ఈ వ్యాకరణం ఎందుకు గుర్తొస్తుంది?

‘రచయిత్రి’ చెడ్డ మాటేమీ కాదు, ఇష్టపడి వాడుకునేవారూ ఉన్నారు. నా బాధ వేరే. భండారు అచ్చమాంబ గారి ‘ధనత్రయోదశి’ కథ 1902లో వచ్చింది. తొలి తెలుగు కథగా చాలామంది చెప్పే గురజాడ వారి ‘దిద్దుబాటు’ 1910 నాటిది. అంటే ఎనిమిదేళ్ల తర్వాతిది. అయినా ఆమెను ‘తొలి కథా రచయిత్రి’ అని పరిచయం చేస్తుంటారు. వినేవాళ్లకు ఏమర్థమవుతుంది? ఆడవాళ్లలో మొదట రాసినామె అని. గురజాడ కన్నా ముందే రాశారన్న సంగతి ఆ ‘త్రి’లో మునిగిపోతుంది.

‘పాఠకుడు’ అలా కాదు. అందులో ‘డు’ ఉంది కనుక అది మగమాటే. ‘ఈ పేజీ దగ్గర పాఠకుడు ఆగిపోతాడు’ అని సమీక్షల్లో నేనూ ఏళ్ల తరబడి రాశాను. వారపత్రికల సీరియళ్లను బతికించింది ఎక్కువగా ఇళ్లలోని ఆడవాళ్లేనని తెలిసి కూడా రాశాను. ఇప్పుడు మానేశాను. ‘పాఠకులు’ అంటే సరిపోతుంది. తెలుగు ఏకవచనంలో ‘ఆమె వచ్చింది’ అంటూ స్త్రీని ‘ఆవు వచ్చింది’ వరుసలో నిలబెడుతుంది కానీ, బహువచనంలో మగవాళ్ల పక్కనే కూర్చోబెడుతుంది. మన వరంగల్ వైపు ‘అందరు వచ్చిన్రు’ అంటే ఆడా మగా ఇద్దరూ అందులో ఉన్నట్టే.

కార్డు ఇంకా అచ్చు కాకపోతే ‘రచయిత’ అనే వేయించండి. సభలో మాట్లాడే ఆడవాళ్ల పేర్లు అదే కార్డులో ‘వక్తలు’ అన్న మాట కింద ఉండే ఉంటాయి. ప్రెస్సువాళ్లకు అది చూపించండి.