మిరప గింజను కెలికి చూడకు

చిట్టీ,

మొన్న వీడియో కాల్‌లో నువ్వు చూపించిన ఐస్‌క్రీమ్ డబ్బా ఇంకా నా కళ్ల ముందే ఉంది. ఇరవై గింజలు వేశానన్నావు. తొమ్మిది రోజులైనా ఒక్కటీ మొలవలేదని స్పూనుతో మట్టి కెలికి చూశానన్నావు. ఆ గింజలు అప్పటిదాకా బతికే ఉండి ఉంటాయి, నువ్వు కెలికిన వాటికే ముప్పు. ఫోన్లో చెబితే సగం విని "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నువ్వు వేసింది మన మిరప కాదు, భూత్ జొలోకియా. అస్సాం వైపు కాయ. 2007లో ప్రపంచంలోకెల్లా ఘాటైనదిగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఘాటును కొలిచే స్కోవిల్ లెక్కలో మన గుంటూరు సన్నం 35, 40 వేల దగ్గర ఉంటే అది 10 లక్షలు దాటుతుంది. సన్నం, తేజ ఒక జాతి, అది వేరే జాతి. మనవి వారం పది రోజుల్లో మొలుస్తాయి. దానికి మూడు నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. తొమ్మిదో రోజున అలిగితే ఎలాగ? మొదటిసారి పెంచేవాళ్లు ఘాటు పందేలకు దిగకూడదమ్మా. ఈ ఏడాదికి సన్నమే వేసుకో.

గింజలు నేనే పంపుతున్నాను. మన పెరట్లో చెట్టు మీదే బాగా పండిన కాయలు కోసి, నీడలో ఆరబెట్టి తీసినవి. వంటింటి డబ్బాలోని ఎండుమిరపకాయ గింజలు మొలవవా అని అడిగావు. మొలుస్తాయి. కానీ ఇప్పుడు మార్కెట్‌కు వచ్చేదాంట్లో హైబ్రిడ్ చాలా ఉంటుంది. దాని గింజ వేస్తే తల్లిలాంటి కాయే వస్తుందని నమ్మకం లేదు. కొన్న ప్యాకెట్లో గింజలు గులాబీ రంగులోనో ఆకుపచ్చగానో ఉంటే అది మందు పూత, పిల్లాడి చేతికి ఇవ్వకు. రెండేళ్లు దాటిన పాత గింజ మీద ఆశలు పెట్టుకోవద్దు.

రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పొద్దున్నే వెయ్యి. రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), ఒక పాలు వర్మీకంపోస్ట్ కలిపి, అడుగున చిల్లు పెట్టిన పేపర్ టీ కప్పుల్లో నింపు. కప్పుకు రెండు గింజలు చాలు. వేలిగోరులో సగం లోతున పెట్టి, పైన పల్చగా పొడి మట్టి చల్లి, తడిపిన గుడ్డ కప్పు. గింజకు ఈ దశలో ఎండ అక్కర్లేదు, వెచ్చదనం కావాలి. ఏసీ గదిలో పెట్టకు. మీ ఇంట్లో ఫ్రిజ్ పైభాగం వెచ్చగా ఉంటుందంటే అక్కడే పెట్టు.

మొలక వచ్చేటప్పుడు చూడు, తల మట్టిలోనే దాచుకుని ముందు మెడ బయటపెడుతుంది, కొక్కెంలా. ఒకటి రెండు రోజులకు నిటారుగా లేస్తుంది. కొన్నింటికి గింజ పొట్టు టోపీలా అంటుకుని ఉంటుంది. దాన్ని గిల్లి తీయాలని నీకు చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. తీయకు, ఆకులతో పాటు ఊడొస్తుంది. వేలితో ఒక నీటిచుక్క అంటించు, మెత్తబడి అదే రాలిపోతుంది. మొలక కనిపించిన రోజే గుడ్డ తీసేసి బాల్కనీలో వెలుతురుకు మార్చు. ఆలస్యం చేస్తే దారంలా సాగి పడిపోతాయి.

ఇక నీళ్లు. మిరప చావుల్లో సగం మన ప్రేమ వల్లే. నేను కాపురానికి వచ్చిన కొత్తలో మీ పెదనాన్న నారుమడి నాకప్పగించి పత్తి చేలోకి వెళ్లారు. పల్లెటూరి పని నాకూ వచ్చని చూపించుకోవాలి కదా, రోజుకు మూడుసార్లు బిందెలతో పోశాను. పైగా ముసురు. నాలుగో రోజు పొద్దున వెళితే మడిలో మధ్యన చాప పరిచినట్టు నారు పడిపోయి ఉంది. ఆయన తిట్టలేదు. ఒక మొక్క పీకి చేతిలో పెట్టారు. ఆకులు పచ్చగానే ఉన్నాయి, మట్టిని తాకే చోట కాడ మాత్రం నీరుకారి దారంలా నలిగిపోయింది. దాన్ని నారుకుళ్లు అంటారు. ఆ ఏడు పక్క ఊరి నుంచి నారు కొనుక్కొచ్చి నాటాం. మా అత్తగారు ఆ సంగతి సంక్రాంతి దాకా వచ్చినవాళ్లందరికీ చెప్పారు.

అందుకే కప్పు చేత్తో ఎత్తి చూడు. తేలిగ్గా ఉంటేనే నీళ్లు, అదీ పొద్దున్నే. మొక్క పెద్దదయ్యాక వేలు మట్టిలో ఒక కణుపు దాకా గుచ్చి, తడి తగలకపోతేనే పొయ్యి. మధ్యాహ్నం ఎండకు ఆకులు వాలిపోతే కంగారుపడకు. సాయంత్రానికి లేచాయంటే దాహం కాదు, ఎండ దెబ్బ అంతే. కాయ పెరిగేటప్పుడు నీరు కాస్త బిగబట్టిన చెట్టు కాయ ఘాటెక్కుతుంది. అలాగని మొక్క వడలిపోయేదాకా ఎండగట్టకు, పూత రాలిపోతుంది.

ఆరు వారాలకు జానెడు మొక్క అవుతుంది. అప్పుడు పన్నెండు అంగుళాల కుండీకి ఒక్కటే, సాయంత్రం పూట నాటు. సగం ఎర్రమట్టి, మిగతా సగం వర్మీకంపోస్ట్, కొంచెం ఇసుక, గుప్పెడు వేపపిండి. మీది తూర్పు బాల్కనీ, మధ్యాహ్నానికే ఎండ పోతుంది. ఆరు గంటల ఎండ కావాలి కాబట్టి అపార్ట్‌మెంట్ వాళ్లు ఒప్పుకుంటే టెర్రస్ మీద పెట్టుకో. కాండం రెండుగా చీలేచోట వచ్చే మొదటి పువ్వులు తుంచెయ్యి. మనసు ఒప్పదు, అయినా తుంచు. చెట్టు ముందు కొమ్మలు వేసుకోవాలి. యూరియా మాత్రం ముట్టుకోకు, చెట్టు నిండా ఆకు తప్ప కాయ ఉండదు.

ఆకు ముడుచుకుంటే మట్టిని చూడకు, ఆకు అడుగున చూడు. అంచులు పైకి లేచి పడవలా అయితే పై ముడత, తామర పురుగులు. కిందికి తిరిగి బోర్లించినట్టయితే కింది ముడత, ఆకు రసం పీల్చే నల్లి. నిమ్మకాయకు మిరపకాయ కలిపి గుమ్మానికి కడితే దిష్టి పోతుందేమో గానీ ముడత పోదు. ముందు ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టు. తర్వాత లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి, ఎండ తగ్గాక ఆకుల కింద తడిసేలా వారానికోసారి పిచికారీ చెయ్యి. మొక్కల మధ్య నీలం రంగు జిగురు అట్ట ఒకటి పెట్టు. పువ్వులు కూడా విప్పి చూస్తుండు. 2021లో మన జిల్లాలో చేలకు చేలు దున్నించేసిన నల్ల తామర పురుగు పువ్వుల్లోనే కూర్చుంది. మా మరిది ఆ ఏడు చేలోకి వెళ్లి, ఒక్క కొమ్మ చేతిపంచెలో విదిలించి చూసుకుని, ఏమీ అనకుండా ఇంటికొచ్చి పడుకున్నాడు. కుండీల్లోని నాలుగు మొక్కలకు అంత టెన్షన్ అక్కర్లేదులే. చిగుళ్లు కుచ్చుగా, గిడసబారి, ఆకులు పసుపు పచ్చగా మారితే మాత్రం వైరస్. ఆ మొక్కను పీకెయ్యి, జాలిపడకు.

ఆషాఢంలో గింజ పడితే దీపావళి నాటికి పచ్చిమిరపకాయ కోసుకోవచ్చు. కొన్ని పండనివ్వు, సంక్రాంతికి పండుమిరప పచ్చడి నూరుకుందువు గాని. ఘాటంతా గింజలో ఉంటుందని అందరూ అంటారు. ఉండేది లోపలి తెల్లటి ఈనెలో, గింజ దానికి అంటుకుని ఉంటుంది కాబట్టి దానికీ పట్టుకుంటుంది. కాయలు తరిగాక చెయ్యి మండితే ముందు కాస్త నూనె రాసి తుడుచుకుని, ఆ తర్వాత సబ్బుతో కడుక్కో. ఆ చేత్తో కాంటాక్ట్ లెన్స్ జోలికి మాత్రం వెళ్లకు.

కవర్లో నలభై గింజలు ఉన్నాయి. ఇరవై ఇప్పుడు వెయ్యి, మిగతావి చిన్న స్టీలు డబ్బాలో పెట్టు. ఆ ఐస్‌క్రీమ్ డబ్బా పారేయకు. మట్టి సర్ది, తేమ ఆరకుండా ఫ్రిజ్ మీదే ఇంకో నెల ఉంచు. నువ్వు కెలకని మూలల్లో రెండు గింజలైనా మిగిలి ఉంటాయి.

మీ పెద్దమ్మ