రష్యాలో అమ్మాయి ఫీజును క్రిప్టోలో కట్టవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి రష్యాలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. బ్యాంకు ద్వారా పంపిన ఫీజు ఆంక్షల వల్ల తిరిగి వచ్చింది. నాలుగున్నర లక్షలకు యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో కరెన్సీ) కొని తాము చెప్పిన వాలెట్‌కు, అంటే క్రిప్టో ఖాతాకు పంపితే, విశ్వవిద్యాలయానికి రూబుళ్లలో కడతామని కన్సల్టెన్సీ వారు అంటున్నారు. పంపమంటారా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: దయచేసి పంపకండి. ఫీజు తిరిగి వచ్చిందంటే దారులన్నీ మూసుకుపోయాయని అర్థం కాదు. 2022 మార్చిలో ఏడు రష్యన్ బ్యాంకులను, జూన్‌లో స్బేర్‌బ్యాంకును స్విఫ్ట్ (దేశాల మధ్య చెల్లింపులకు బ్యాంకులు సందేశాలు పంపుకునే వ్యవస్థ) నుంచి తొలగించారు. మిగిలిన బ్యాంకులలో కొన్నింటికి ఇప్పటికీ డబ్బు చేరుతోంది. కాబట్టి విశ్వవిద్యాలయానికి మరో బ్యాంకులో ఖాతా ఉందేమో ముందుగా కనుక్కోండి.

ఇక క్రిప్టో సంగతి. విదేశీ వాణిజ్య చెల్లింపులకు రష్యా 2024లో ప్రయోగాత్మకంగా దీనిని అనుమతించింది గానీ, దేశంలోపల వస్తువులకు, సేవలకు క్రిప్టోతో చెల్లించడాన్ని 2021 నుంచి నిషేధించింది. అంటే విశ్వవిద్యాలయం మీ యూఎస్‌డీటీని తీసుకోదు. మధ్యలో ఎవరో ఒకరు దానిని రూబుళ్లలోకి మార్చాలి. ఆ మార్చే చోటే ప్రమాదం ఉంది. రష్యన్లు విరివిగా వాడిన గారంటెక్స్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజిపై అమెరికా 2022 ఏప్రిల్‌లోనే ఆంక్షలు పెట్టింది. 2025 మార్చి 6న యూఎస్‌డీటీని జారీచేసే టెథర్ సంస్థ అక్కడి వాలెట్లను స్తంభింపజేయడంతో 250 కోట్ల రూబుళ్లకు పైగా చిక్కుకుపోయాయి, ఎక్స్ఛేంజి సేవలు నిలిచిపోయాయి. యూఎస్‌డీటీ ఎవరి వాలెట్‌లో ఉన్నా దానిని ఆపే అధికారం జారీచేసిన సంస్థ చేతిలో ఉంటుంది. అలా ఆగిన రోజున మీ దగ్గర విశ్వవిద్యాలయం రసీదూ ఉండదు, కన్సల్టెన్సీని నిలదీయడానికి గట్టి కాగితమూ ఉండదు.

నన్ను ఇంతకంటే కలవరపెడుతున్నది మీ అమ్మాయి బ్యాంకు కార్డు. ఈ రోజు వాలెట్ అడిగినవారు రేపు రూబుళ్లు వేయడానికి ఆమె కార్డు అడగవచ్చు. ముక్కూమొహం తెలియని వారి నుంచి సొమ్ము వచ్చిపడితే మనీలాండరింగ్ నిరోధక చట్టం కింద అక్కడి బ్యాంకు ఆ కార్డును నిలిపివేస్తుంది. డబ్బు కోసం కార్డును పరాయివారి చేతికివ్వడాన్ని రష్యా 2025లో క్రిమినల్ నేరంగా మార్చింది. మూడేళ్లు కష్టపడి చదివిన పిల్లను, ఎవరెంత నమ్మకంగా చెప్పినా, ఆ చిక్కులోకి నెట్టకండి.

ఇక్కడ మన దేశంలో కూడా ఇబ్బంది తప్పదు. యూఎస్‌డీటీని బదిలీ చేసినప్పుడు లాభం ఉంటే 30 శాతం పన్ను కట్టాలి, నష్టం వస్తే దానిని మరే ఆదాయంతోనూ సర్దుబాటు చేసుకోలేరు.

మీరు చేయవలసిన పని ఇది. కొత్త బ్యాంకు వివరాలతో, అమ్మాయి పేరు, కోర్సు, కట్టవలసిన మొత్తం రాసి ఉన్న లేఖను డీన్ కార్యాలయం నుంచి తెప్పించుకోండి. విదేశీ మారక లావాదేవీలు చూసే బ్యాంకు శాఖకు వెళ్లి, ఏ2 ఫారంతో (విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చే దరఖాస్తు) పాటు ఆ లేఖను ఇచ్చి, గతంలో డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో రాతపూర్వకంగా అడగండి. రష్యన్ బ్యాంకులైన స్బేర్‌బ్యాంకుకు, వీటీబీకి ఢిల్లీలో శాఖలున్నాయి. రూపాయలలో చెల్లించే వీలుందేమో మీ బ్యాంకు ద్వారానే విచారించండి. దారి దొరికాక ముందు హాస్టల్ రుసుము వంటి చిన్న మొత్తం పంపి, అది చేరినట్లు రసీదు అందిన తర్వాతే మిగతాది పంపండి. ఈలోగా గడువు దాటేలా ఉంటే, తిరిగి వచ్చిన చెల్లింపు తాలూకు బ్యాంకు పత్రాన్ని జతచేసి, ఫీజుకు మరికొంత సమయం ఇవ్వమని అమ్మాయి చేత ఈ వారంలోనే దరఖాస్తు పెట్టించండి.