ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ ప్రైవేట్‌లో పెడితే పిల్లల ఫోటోలు బయటకు పోవా?

పోతాయి. ప్రైవేట్ సెట్టింగ్ కొత్తవాళ్లు లోపలికి రాకుండా ఆపుతుంది, అంతే. లోపల ఉన్నవాళ్లు ఫోటో బయటకు తీసుకెళ్లడాన్ని ఆపలేదు.

ఫాలోవర్‌గా ఒప్పుకున్న ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చు. పోస్టు, స్టోరీలను స్క్రీన్‌షాట్ తీస్తే మనకు కబురు రాదు. పేరు, ప్రొఫైల్ ఫోటో, బయో ఎలాగూ అందరికీ కనిపిస్తాయి.

దిల్‌సుఖ్‌నగర్‌లో పదో తరగతి చదివే అమ్మాయి స్కూలు మొదటిరోజు సెల్ఫీ పెట్టిందనుకోండి. మెడలో ఐడీ కార్డు. రెండు వేళ్లతో పెద్దది చేస్తే స్కూలు పేరు, సెక్షన్, నాన్న ఫోన్ నంబరు చదవొచ్చు. వెనక మెట్రో స్టేషన్ బోర్డు కూడా పడితే రోజూ ఏ దారిన వెళ్తుందో తెలిసిపోతుంది. హాల్‌టికెట్ ఫోటో ఇంకా ప్రమాదం. అందుకే టీచర్లు క్లాసులో పిల్లలకు ముందు నేర్పాల్సింది సెట్టింగులు కాదు, పోస్ట్ చేసేముందు ఫోటోను జూమ్ చేసి నాలుగు మూలలూ చూడటం. ఆ తర్వాత ఫాలోవర్ల జాబితా తెరిపించి, ముఖం తెలియనివాళ్లను రిమూవ్ చేయించండి. వాళ్లకు నోటిఫికేషన్ వెళ్లదు.

చాలామంది పొరబడేది ట్యాగుల దగ్గర, అంటే ఫోటోకు మన అకౌంట్ పేరు తగిలించడం దగ్గర. మన అకౌంట్ ప్రైవేట్ అయినా, స్నేహితురాలి పబ్లిక్ అకౌంట్‌లో పెట్టిన మన ఫోటో అందరికీ కనిపిస్తుంది. ట్యాగ్ తీసేస్తే మన పేరు మాత్రమే పోతుంది, ఫోటో అక్కడే ఉంటుంది. దాన్ని పెట్టినవాళ్లతోనే తీయించాలి, వినకపోతే రిపోర్ట్ చేయాలి.