యంత్రసేద్యం – పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ట్రాక్టరుకు క్విక్ హిచ్

ప్రశ్న: నాకు 47 హార్స్‌పవర్ ట్రాక్టరు, తొమ్మిది కర్రుల కల్టివేటరు, ఆరడుగుల రోటావేటరు, డిస్క్ హారో ఉన్నాయి. పనిముట్టు మార్చిన ప్రతిసారీ ఒకరు ట్రాక్టరును వెనక్కి నడుపుతుంటే మరొకరు మధ్యలో నిలబడి పిన్నులు కలపవలసి వస్తోంది. ఇప్పుడు ఇంట్లో వ్యవసాయం చూసుకునేది నేనొక్కడినే. పనిముట్టును కొక్కేలతో పట్టుకునే క్విక్ హిచ్ అనే చట్రం బిగించుకుంటే ఈ బాధ తప్పుతుందని విన్నాను. అది నా పనిముట్లన్నింటికీ సరిపోతుందా? కొనడం మంచిదా, వెల్డింగు షాపులో చేయించుకోవడం మంచిదా?
– ఒక రైతు, తెనాలి

జవాబు: దుకాణానికి వెళ్లే ముందు టేపు తీసుకుని మీ మూడు పనిముట్లనూ కొలవండి. క్విక్ హిచ్ ట్రాక్టరుకు బిగించే వస్తువే అయినా, అది పనికి వస్తుందా రాదా అన్నది పనిముట్ల కొలతలను బట్టే తేలుతుంది. మామూలుగా పిన్నులతో తగిలించేటప్పుడు లోయర్ లింకులను (ట్రాక్టరు వెనుక కింది రెండు చేతులను) అటూ ఇటూ కదిలించి, టాప్ లింకును (పైనున్న ఒక్క చేతిని) తిప్పి పొడవు మార్చి, కొలతల్లో ఉన్న తేడాలను చేత్తో సర్దుకుంటాం. క్విక్ హిచ్ బోర్లించిన ‘యు’ ఆకారంలో ఉండే గట్టి చట్రం కాబట్టి, దానికి పైన ఉన్న ఒక కొక్కెం, కింద ఉన్న రెండు కొక్కేలు ఎప్పుడూ ఒకే దూరంలో ఉంటాయి. మీ దగ్గరున్న ప్రతి పనిముట్టూ ఆ కొలతకు రావాలి. ఒక్కటి రాకపోయినా, దానికోసం చట్రాన్ని ఊడదీసి మళ్లీ బిగించడం ఇప్పుడున్న పనికంటే పెద్ద పని అవుతుంది.

ఇలా మూడు చోట్ల తగిలించే అమరికకు, అంటే మూడు బిందువుల లింకేజీకి, అంతర్జాతీయ ప్రమాణాలున్నాయి. మన ట్రాక్టర్లలో ఎక్కువగా కనిపించేవి కేటగిరీ 1, కేటగిరీ 2. కేటగిరీ 1 పనిముట్టుకు కింది పిన్ను మందం 22 మి.మీ., టాప్ లింకు పిన్ను 19 మి.మీ.; కేటగిరీ 2లో ఇవి 28 మి.మీ., 25 మి.మీ. కింది రెండు పిన్నుల భుజాల మధ్య దూరం మొదటిదానిలో 683 మి.మీ., రెండోదానిలో 825 మి.మీ. మీ తరహా ట్రాక్టరుకు ఈ రెండు రకాల పనిముట్లూ తగిలిస్తుంటారు కాబట్టి, మీ కల్టివేటరు ఒక కేటగిరీలోను, రోటావేటరు మరో కేటగిరీలోను ఉండే అవకాశం ఉంది. లోయర్ లింకు చివర పిన్ను దూరే రంధ్రమున్న గుండులో 22 మి.మీ. పిన్ను వదులుగా ఆడుతుంటే, ట్రాక్టరు కేటగిరీ 2, పనిముట్టు కేటగిరీ 1 అని అర్థం. ఆ 6 మి.మీ. సందును బుష్‌తో (పిన్ను మీద తొడిగే ఉక్కు గొట్టంతో) పూడ్చకుండా ఏళ్ల తరబడి నడిపిన గుండ్లు గుడ్డు ఆకారంలోకి అరిగిపోయి కనిపిస్తాయి.

పిన్నుల మందం తేడాను క్విక్ హిచ్ బుష్‌లు సరిచేస్తాయి. అమెరికా ప్రమాణం ప్రకారం చేసిన చట్రాల్లో కింది కొక్కేలు 36.5 మి.మీ. వెలుపలి వ్యాసం ఉన్న బుష్‌లకు, పై కొక్కెం సుమారు 32 మి.మీ. బుష్‌కు సరిపోయేలా ఉంటాయి. పనిముట్టు పిన్నుల మీద ఆ బుష్‌లు తొడిగి, జారిపోకుండా లించ్ పిన్ను (రింగు ఉన్న చిన్న తాళపు పిన్ను) పెట్టాలి. అసలు చిక్కు పై పిన్ను ఎత్తుతో వస్తుంది. కింది పిన్నుల గీత నుంచి పై పిన్ను వరకు కేటగిరీ 1 పనిముట్టులో 460 మి.మీ. ఉండాలని ప్రమాణం చెబుతుంటే, ఈ ‘యు’ చట్రాల్లో పై కొక్కెం ఎత్తు సాధారణంగా 380 మి.మీ., అంటే 15 అంగుళాలు మాత్రమే ఉంటుంది. అందువల్ల చాలా పనిముట్ల మాస్టుకు (పై పిన్ను ఉండే నిలువు పట్టీలకు) 380 మి.మీ. ఎత్తున మరో రంధ్రం కావలసి వస్తుంది. రోటావేటర్ల మాస్టు పట్టీలకు రెండు మూడు రంధ్రాలు ముందే ఉంటే పని సులువు. పై కొక్కేన్ని కిందికీ పైకీ జరుపుకునే వీలున్న చట్రం దొరికితే, కాస్త ధర ఎక్కువైనా మీలా మూడు రకాల పనిముట్లు ఉన్నవారికి అదే మేలు.

కొలిచే పద్ధతి ఇది. పనిముట్టును చదునైన నేల మీద, పనిచేసే భంగిమలో నిలబెట్టి, కింది రెండు పిన్నుల మధ్య తిన్నని ఇనుప కడ్డీని ఆనించి, అక్కడి నుంచి పై పిన్ను నడిమి వరకు నిట్టనిలువుగా కొలవండి. అప్పుడే తూకం గుండు కట్టిన దారాన్ని పై పిన్ను నుంచి వదిలి చూడండి. దారం దాదాపు కింది పిన్నుల గీత మీదే పడాలి. బాగా ముందుకో వెనక్కో పడితే, పై కొక్కెం పట్టిన తర్వాత కింది పిన్నులు కొక్కేల్లో కూర్చోవు. ఎత్తును మాత్రమే కొలిచి ఈ సంగతి వదిలేసేవారే ఎక్కువ. చివరగా, కింది పిన్నుల చుట్టూ, మాస్టు పట్టీల మధ్య, చట్రం కాళ్లకూ కొక్కెం మందానికీ చోటుందో లేదో చూసుకోండి.

ఇక కొనడమా, చేయించడమా అన్న విషయం. చట్రాన్ని కొనండి, పనిముట్లకు కావలసిన మార్పులను మీకు నమ్మకమున్న వెల్డింగు షాపులో, లేతు షాపులో చేయించుకోండి. మూడు కొక్కేలూ ఒకే తలంలో ఉండాలంటే వాటిని అచ్చులో బిగించి వెల్డింగు చేయాలి, లేకపోతే వేడికి చట్రం మెలి తిరుగుతుంది. దారిలో అరటన్ను రోటావేటరును మోసేది కొక్కేలూ వాటి తాళాలే కాబట్టి, ఆ ఉక్కు ఎంత గట్టిదో తెలియకుండా వాడకూడదు. మాస్టుకు కొత్త రంధ్రం వేయించేటప్పుడు గ్యాసుతో కోయించకుండా డ్రిల్లుతో వేయించి, చుట్టూ రెండో పట్టీ వేసి బలపరచండి.

మరొక మార్గం కూడా ఉంది. లోయర్ లింకుల చివర గుండ్లు తీసేసి, వాటి స్థానంలో పంజా వంటి కొక్కేలు పెట్టే పద్ధతి యూరపు ట్రాక్టర్లలో విరివిగా కనిపిస్తుంది. అందులో పనిముట్టు పిన్నుకే గుండు తొడిగి ఉంచుతారు, టాప్ లింకు చివర కూడా కొక్కెమే ఉంటుంది. మధ్యలో చట్రం ఉండదు కాబట్టి పనిముట్టు వెనక్కి జరగదు, మాస్టు ఎత్తు గొడవ ఉండదు. ఒక్కో పనిముట్టుకూ ఒక్కో జత గుండ్లు కొనుక్కోవడం అందులో అదనపు ఖర్చు. మీ పనిముట్ల ఎత్తులు ఏ విధంగానూ కుదరకపోతే దీని గురించి ఆలోచించండి. దుక్కికి కల్టివేటరు, నాట్లకు ముందు రోటావేటరు అంటూ కాలానికి రెండుసార్లు మాత్రమే మార్చేవారికి ఈ రెండూ అక్కరలేదు. లోయర్ లింకు చివర్లు బయటికి లాగి, పిన్ను పెట్టి, తిరిగి లోపలికి తోసే సౌకర్యం వారి ట్రాక్టరుకు ఉంటే చాలు. మీరు ఒంటరిగా పనిచేస్తున్నారు, పనిముట్లు తరచుగా మారుస్తున్నారు కాబట్టి మీకు మాత్రం క్విక్ హిచ్ పెట్టుకోమనే చెబుతాను. ట్రాక్టరుకూ పనిముట్టుకూ మధ్య మనిషి నిలబడవలసిన అవసరం తప్పించడం దానివల్ల కలిగే అన్నింటికంటే పెద్ద లాభం. క్లచ్ మీద కాలు కాస్త జారినా అక్కడున్న మనిషికి తప్పించుకునే చోటుండదు.

ప్రశ్న: క్విక్ హిచ్ బిగించినప్పటి నుంచి రోటావేటరు పైకెత్తితే షాఫ్టు దడదడమంటోంది. గట్లు ఎక్కేటప్పుడు ముందు చక్రాలు తేలిపోతున్నాయి. చట్రంలో లోపమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: చట్రంలో లోపం ఉండకపోవచ్చు. చట్రం మందం వల్ల పనిముట్టు సుమారు 10 సెంటీమీటర్లు వెనక్కి జరుగుతుంది, మీ రెండు ఇబ్బందులకూ కారణం అదే కావచ్చు.

ముందు షాఫ్టు సంగతి. ట్రాక్టరు ఇంజను శక్తిని పనిముట్టుకు అందించే పీటీఓ షాఫ్టులో ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు ఉంటాయి. పనిచేసేటప్పుడు గొట్టం పొడవులో కనీసం మూడో వంతు ఒకదానిలో ఒకటి ఉండాలి. పనిముట్టు వెనక్కి జరిగినంత మేర ఆ అతుకు తగ్గుతుంది. అతుకు చాలకపోతే నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్టు ఊగి కొట్టుకుంటుంది, చివరకు ఊడి బయటికి రావచ్చు. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, పనిముట్టును కిందా పైనా రెండు స్థితుల్లోనూ గట్టి దిమ్మల మీద ఆనించి అతుకు కొలవండి. తక్కువగా ఉంటే పొడవైన షాఫ్టు తీసుకోవాలి. పాత గొట్టానికి ముక్క అతికి వెల్డింగు చేయించే పని ఎట్టి పరిస్థితిలోనూ పెట్టుకోవద్దు. కొత్త షాఫ్టు మరీ పొడవైనా ప్రమాదమే. రెండు చివరలూ బాగా దగ్గరపడిన స్థితిలో కూడా గొట్టం అడుగుకు తగలకుండా కొంత ఖాళీ మిగలాలి.

అతుకు సరిగానే ఉంటే టాప్ లింకు పొడవు చూడండి. షాఫ్టుకు రెండు చివర్లలో ఉన్న క్రాసుల (వంగే కీళ్ల) దగ్గర వంపు సమానంగా ఉంటేనే అది కుదుపు లేకుండా తిరుగుతుంది. చట్రం బిగించేటప్పుడు టాప్ లింకును కుదించో పెంచో ఉంటారు, దానితో రోటావేటరు గేరుబాక్సు ముందుకో వెనక్కో వాలి రెండు వంపులకూ తేడా వచ్చి ఉంటుంది. పనిచేసే లోతులో గేరుబాక్సు షాఫ్టు, ట్రాక్టరు పీటీఓ షాఫ్టు ఒకదానికొకటి సమాంతరంగా ఉండేలా టాప్ లింకును సరిచేయండి. మలుపుల్లో పూర్తిగా పైకెత్తి తిప్పే అలవాటుంటే, ఎత్తే ముందు పీటీఓ ఆపండి.

ముందు చక్రాల విషయం చిన్న లెక్కతో తేలుతుంది. రోటావేటరు బరువు 450 కిలోలు, దాని బరువు కేంద్రం వెనుక ఇరుసుకు 1.4 మీటర్ల దూరంలో ఉంది, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు అనుకుందాం. పనిముట్టు ఎత్తినప్పుడు ముందు ఇరుసు మీద 315 కిలోల భారం తగ్గుతుంది. 40 కిలోల చట్రం చేరి, రోటావేటరు 10 సెంటీమీటర్లు జరిగితే తగ్గేది సుమారు 356 కిలోలు అవుతుంది. పెరిగిన 40 కిలోలు చూడటానికి తక్కువే గాని, అప్పటికే అంచున ఉన్న ట్రాక్టరుకు గట్టు మీద అది చాలు. ట్రాక్టరు బరువులో కనీసం అయిదో వంతు ముందు చక్రాల మీద ఉంటేనే స్టీరింగు మాట వింటుందన్నది వాడుకలో ఉన్న లెక్క. బంపరు దగ్గర బరువు దిమ్మలు పెట్టించండి. అవి వచ్చేవరకు గట్లను తక్కువ ఎత్తున్న చోట, నెమ్మదిగా, పనిముట్టును నేలకు దగ్గరగా ఉంచి దాటండి.

ప్రశ్న: దమ్ము చేసి బయటికి వచ్చాక ఒకవైపు కొక్కెం నుంచి పిన్ను జారిపోయింది. తగిలించేటప్పుడు తాళం పడిన చప్పుడు వినిపించింది. ఎందుకిలా జరిగింది?
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: చప్పుడును నమ్మవద్దు. డెల్టా బురద కొక్కెం అడుగున పేరుకుని ఎండితే పిన్ను పూర్తిగా లోపలికి దిగదు, తాళం సగమే మూసుకుంటుంది, చప్పుడు మాత్రం మామూలుగానే వస్తుంది. దమ్ము అయిన ప్రతిరోజూ కొక్కేలను నీళ్లతో కడిగి, తాళం స్ప్రింగు చేత్తో నొక్కితే స్వేచ్ఛగా తిరిగి వస్తోందో లేదో చూసి, గ్రీజు పెట్టండి.

తగిలించేటప్పుడు టాప్ లింకును కొంచెం పొడిగించి, పై కొక్కెం పనిముట్టు వైపు వాలేలా పెట్టుకోవాలి. చట్రాన్ని దించి వెనక్కి వచ్చి, పై కొక్కేన్ని పై పిన్ను కిందికి చేర్చి మెల్లగా ఎత్తండి. పై పిన్ను ముందుగా పట్టుకుంటుంది, పనిముట్టు లేస్తూ ఊగి కింది పిన్నులు కొక్కేల్లోకి వచ్చి కూర్చుంటాయి. ఒక అడుగు ఎత్తి, మళ్లీ నేలకు దించి, ఇంజను ఆపి, దిగి రెండు తాళాలనూ కంటితో చూడండి. పీటీఓ షాఫ్టు తగిలించవలసింది ఆ తర్వాతే. విడదీసేటప్పుడు షాఫ్టును మొదట తీయాలి. అది మరచి ట్రాక్టరును ముందుకు నడిపితే గొట్టాలు ఊడివస్తాయి. పనిముట్టు పక్కకు ఒరగని గట్టి నేల మీద, దాని స్టాండు దించిన తర్వాతే తాళాలు విప్పండి.

ప్రశ్న: క్విక్ హిచ్ ఉంచి ట్రక్కు (ట్రాలీ) లాగవచ్చా?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: ట్రక్కును ట్రాక్టరు వెనుకనున్న హుక్కుకే తగిలించాలి, క్విక్ హిచ్ చట్రానికి ఎన్నడూ తగిలించకూడదు. ఎత్తులో ఉన్న చట్రం నుంచి బరువు లాగితే ట్రాక్టరు ముందు భాగం లేచి వెనక్కి తిరగబడవచ్చు. చట్రం ఉండగా హుక్కు వాడితే, మలుపుల్లో ట్రక్కు దూలం చట్రం కాళ్లకు తగులుతుంది. అందుచేత ధాన్యం తోలకాలు మొదలయ్యే ముందు చట్రాన్ని విప్పి, బుష్‌లతో సహా షెడ్డులో పెట్టండి.