ఆఫర్ లెటర్ వచ్చింది, డిపాజిట్ కట్టమంటున్నారు

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ పూర్తిచేసి ఎనిమిది నెలలుగా బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. నిన్న ఒక పెద్ద కంపెనీ పేరుతో, ఇంటర్వ్యూ లేకుండానే, ఆఫర్ లెటర్ మెయిల్ వచ్చింది. రిజిస్ట్రేషన్‌కని 1,850 రూపాయలు కట్టేశాడు. ఇప్పుడు ల్యాప్‌టాప్ డిపాజిట్ 14,500 ఈ సాయంత్రంలోగా కట్టాలట, మొదటి జీతంతో తిరిగిస్తారట. కట్టమంటారా? ఇది కాకపోతే లక్షన్నర పెట్టి ఎథికల్ హ్యాకింగ్ నేర్చుకుంటానంటున్నాడు. అది మంచిదా, డేటా సైన్సా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: కట్టకండి. ముందు మీవాడితో సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు. కట్టిన సమయం, బ్యాంకు పేరు, యూపీఐ యాప్‌లో కనిపించే 12 అంకెల యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపును గుర్తించే నంబరు) దగ్గర పెట్టుకోమనండి. డబ్బు ఆ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోయేలోపు ఆపించడానికే ఈ తొందర. ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి, తన బ్యాంకుకూ చెప్పాలి. మెయిల్ మాత్రం చెరిపేయొద్దు.

ఉద్యోగమిచ్చే కంపెనీ జీతం ఇస్తుంది గానీ డిపాజిట్ అడగదు. పైగా యూపీఐలో డబ్బు పంపేటప్పుడు తెర మీద కంపెనీ పేరు బదులు ఎవరో మనిషి పేరు వచ్చి ఉంటుంది. అడిగి చూడండి.

మెయిల్ పంపినవారి పేరు చూసి నమ్మకూడదు, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. దాని వెనకున్న అడ్రస్‌ను కుడి నుంచి ఎడమకు చదవాలి. 'కెరీర్స్ డాట్ ఫలానా డాట్ కామ్' అంటే ఫలానా కంపెనీదే. 'ఫలానా డాట్ కెరీర్స్-హెచ్ఆర్ డాట్ కామ్' అంటే కెరీర్స్-హెచ్ఆర్ అనే పేరు కొనుక్కున్నవాడిది; ముందున్న ఫలానా ఉత్త అలంకారం. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి 'షో ఒరిజినల్' అంటే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే వరుసలుంటాయి; మెయిల్ నిజంగా ఆ డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాతి పేరు) నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలవి. మూడూ 'పాస్' అని ఉన్నాయని మీవాడు వాదిస్తాడేమో. ఆ డొమైన్ నుంచే వచ్చిందని తప్ప దానికి వేరే అర్థం లేదు. డొమైనే మోసగాడిదైతే వాడూ పాసే. కంపెనీ రిజిస్ట్రేషన్ నంబరు సరిపోయినా అంతే, నిజమైన కంపెనీ నంబరును లెటర్‌లో అతికించడం ఎంత పని? మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే వాళ్ల మనిషే ఎత్తుతాడు. కంపెనీ వెబ్‌సైట్ అడ్రస్ స్వయంగా టైప్ చేసి, అక్కడున్న కాంటాక్ట్‌కు రాసి కనుక్కోవాలి. ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో అని రాసి ఉంటే ఇంకా సులువు, బస్సెక్కి వెళ్లి రిసెప్షన్‌లో అడగొచ్చు.

ఇవన్నీ మీవాడికి తెలియనివని నేననుకోను. ఇంజినీరింగ్ చదివినవాడు ఇంటర్వ్యూ లేకుండా వచ్చిన ఆఫర్‌ను ఎందుకు నమ్మాడు? రోజూ రాత్రి ఫోన్‌లో 'ఏమైంది?' అన్న ప్రశ్నకు ఏదో ఒక జవాబు కావాలి గనక. 'సాయంత్రంలోగా' అని గడువు పెట్టినవాడికి ఆ ఇంటి తొందర తెలుసు. కోపం తెచ్చుకోకండి, కానీ ఇందులో మీ వంతూ ఉంది. ఎనిమిది నెలల వెతుకులాట ఫ్రెషర్‌కు వింతేమీ కాదు. పోయిన 1,850 కోసం వాణ్ణి తిడితే, రేపు ఇంకోటి జరిగినప్పుడు మీకు చెప్పడు.

ఇక లక్షన్నర కోర్సు. పోస్టర్ మీద హుడీ వేసుకున్న హ్యాకర్ బొమ్మ ఉంటుంది. ఫ్రెషర్‌కు ఈ సైబర్ సెక్యూరిటీ రంగంలో ఎక్కువగా దొరికేది మాత్రం సాక్ (కంపెనీ నెట్‌వర్క్ మీద దాడులను కనిపెట్టే కేంద్రం) అనలిస్ట్ పని: షిఫ్టుల్లో, చాలాసార్లు రాత్రిపూట, అలర్టులు ఒక్కొక్కటే తెరిచి చూడటం. ఉద్యోగులు 'ఇది అనుమానంగా ఉంది' అని పంపిన మెయిళ్ల హెడర్లు ('షో ఒరిజినల్'లో కనిపించే ఆ వివరాలు) చదవడం అందులో పెద్ద భాగం. అంటే ఇప్పుడు తనను ముంచిన మెయిల్‌నే పాఠంగా తీసుకోవచ్చు, ఖర్చు లేకుండా. నెట్‌వర్కింగ్, లైనక్స్ (సర్వర్లలో ఎక్కువగా వాడే ఆపరేటింగ్ సిస్టమ్) రాకుండా హ్యాకింగ్ సర్టిఫికెట్ ఉంటే ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' అన్న మాట రసీదులోకి వచ్చేసరికి 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అవుతుంది; సంతకానికి ముందు ఆ కాగితం చదవండి.

డేటా సైన్స్‌తో పోల్చమన్నారు. దానికి గణాంకాలంటే ఇష్టముండాలి, ఈసీఈ చదువు నెట్‌వర్కింగ్‌కు దగ్గర. ఇంతకు మించి పోలిక ఇప్పుడు అనవసరం. మూడు నెలలు ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో ఉచితంగా నెట్‌వర్కింగ్ పాఠాలు వినమనండి, మనసు నిలిస్తే అప్పుడు కోర్సు మాట. ఆ మూడు నెలల పీజీ అద్దె ఈరోజే ఒకేసారి వేసేయండి.